గాజు పగిలాక

రోటర్‌డామ్‌లో, ముప్పై రెండో అంతస్తు బయట
తాడుకు వేలాడుతూ అద్దాలు తుడిచే మరైకె
శుక్రవారం రాత్రి సినిమాకి మొదటి వరసలో కూర్చుంటుంది.

"మళ్లీ నగరం కూలింది," అంది బయటికొస్తూ,
"ఒక్కడైనా చీపురు పట్టాడా?"

డ్రాగన్ బాగుందట. రెక్క ముడిచేటప్పుడు
ముసలి కొంగలా కాస్త తడబడిందట, అది నచ్చింది.
మంత్రగాడి గడ్డం మాత్రం
వానలో కూడా తడవలేదు.

ఎగిరేవాడి మీద ఆమెకి పాత కోపం:
"వాడికి గాలంటే భయం లేదు.
భయం లేనివాడు ఎంత పైకెగిరితే ఏం గొప్ప?"

అయినా ఆ చివరి సీనులో
వాడు పడిపోతుంటే
చీకట్లో ఆమె చెయ్యి
నడుం దగ్గర లేని కొక్కెం కోసం వెతికింది.
నేను చూశాను.

ట్రామ్ ఎక్కాక మాత్రం
ఐదుకి రెండున్నర చాలంది.