నలభై ఒక్క సెకన్లు

జోస్ఫిన్ మేడం మొదటి క్లాసులోనే చెప్పింది:
ప్రతి చోటికీ దాని నిశ్శబ్దం దానికుంటుంది,
షాటు అయ్యాక ఎవరూ కదలకుండా
ఒక నిమిషం దాన్ని పట్టుకోండి,
ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య
పడే చిరుగులకి అదే మాసిక.

మా భీమవరం ల్యాబులో నిశ్శబ్దమంటే
ఏసీ గొణుగుడు, కింద జిరాక్సు షాపు,
లోవరాజు కడుపులో ఆకలి.
దానికే పదికి ఏడు వేసింది.

రెండో సెమిస్టరు సినిమాకి
ఉండి దాటి, కాలవ గట్టున ఎడం చేతికి తిరిగి
చెరువుల మధ్యకొచ్చాం.
కెమెరా వీరవేణిది, అంటే వాళ్ల బావది,
దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా తెచ్చింది.
రికార్డరు కాలేజీది. సంతకం నాది.
పోతే పద్ధెనిమిది వేలు.

కథేమీ లేదు.
రొయ్యల చెరువు కాపలాదారుతో
తెల్లారేదాకా ఉందామనుకున్నాం, అంతే.
పేరు బుల్లెబ్బాయి. యాభై ఉండొచ్చు.
వద్దన్నా మొహం కడుక్కొచ్చాడు,
తల దువ్వి పౌడరు కూడా రాశాడు.
ముందు షాటుకీ దీనికీ పొంతన పోయిందని
వీరవేణి లోపల్లోపల తిట్టుకుంది.

ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.
నాలుగు చెరువులు, పదహారు చక్రాలు,
వెయ్యి చేటలు ఒక్కసారి చెరుగుతున్నట్టు.
హెడ్‌ఫోన్స్‌లో అతని మాట
ఆ చెరుగుడులో నూకలా జారిపోయింది.

"ఒక్క నిమిషం ఆపుతారా అండీ?
మీ చెరువు నిశ్శబ్దం కావాలి."
బుల్లెబ్బాయి నవ్వాడు.
"నిశ్శబ్దమంటే ఏటో తెల్సా అమ్మా ఇక్కడ?
ఊపిరాడక రొయ్య పైకి తేలడవే.
ఈ సప్పుడుంటేనే నాకు నిద్ర.
అది ఆగితే లేస్తాను, ఆయ్."

సర్లే అనుకున్నాం.
పన్నెండుకి మరమరాలు తిన్నాం.
రెండుకి లోవరాజు మోటారు షెడ్డులో
ట్రైపాడ్ సంచి తలకింద పెట్టుకున్నాడు.
దోమలకి నా మోచేతులు వదిలేసి
మైకు నీటికేసి పెట్టి, రికార్డు నొక్కి కూర్చున్నాను,
ఏదో దొరుకుతుందని కాదు,
బ్యాటరీ ఇంకా ఉందని.

మూడూ పదికి కరెంటు పోయింది.

చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి
బద్ధకంగా ఆగాయి.
అప్పుడు వినబడ్డాయి:
కొబ్బరాకు మీంచి జారే మంచు,
గుర్రపుడెక్కలో ఏదో అలికిడి,
రెండు ఊళ్లవతల రైలు,
తర్వాత చెరువు పైపొర మీద
చిటచిట, చిటచిట,
పెనం మీద ఆవాల్లా.
అదేమిటో నాకు తెలీదు.
అతనికి తెలుసు.

గురక మధ్యలో తెగింది.
గట్టు మీద చెప్పుల్లేని పరుగు,
ఒక బూతు, ఒక "అమ్మా",
డీజిలు ఇంజను హ్యాండిలు తిరిగి, తుమ్మి, చచ్చింది.
మళ్లీ తిప్పాడు. మళ్లీ చచ్చింది.
లోవరాజు లేచి ఓ చెయ్యేశాడు కాబోలు
మూడోసారి రెండు దగ్గులు దగ్గి అందుకుంది.
మళ్లీ చేటలు.

నేను లేవలేదు.
ఈ ముక్క క్లాసులో చెప్పలేదు.
మీటరులో ఆకుపచ్చ గీత చూస్తూ
కదిలితే పాడవుతుందని
అలాగే కూర్చున్నాను.

నలభై ఒక్క సెకన్లు.
మేడం కళ్లు మూసుకుని రెండుసార్లు వింది.
"దీనికి బొమ్మేది?"
లేదండీ, చీకటి.
"అయితే నల్ల తెర మీదే ఉంచు.
మైకు పక్కన ఎవరిదో ఊపిరుంది,
అది మాత్రం తీసెయ్."

శుక్రవారం సబ్మిషను.
బుధవారం రాత్రి బుల్లెబ్బాయి ఫోను:
వీరవేణి పంపిన వీడియో చూశాడట.
"మొహం బాగా పడిందమ్మా.
ఆ ఇంజను... మూడోసారి కాకుండా
రెండోసారికే అందుకున్నట్టు పెట్టకూడదా?
మా ఓనరు గారు చూత్తారు."

హ్యాండిలు ఒక తిప్పు, ఒక తుమ్ము, ఒక చావు.
ఎనిమిది సెకన్లు కత్తిరించాను.
రెండు అంచులూ కలవలేదు, రైలు ఎగిరి దూకింది.
మాసిక వేయడానికి ఆ చెరువు నిశ్శబ్దం
ఇంకో పీలిక కూడా నా దగ్గర లేదు.
తీసి పక్కన పెట్టిన
నా ఊపిరే తెచ్చి అక్కడ కుట్టాను.

ముప్పై మూడు.
మేడంకి చెప్పలేదు.