సుత్తికి జవాబు

మర్రిపాలెం షెడ్డు వెనక, సర్కారు తుమ్మల్లో
మూడు ఇంజన్లు. మాకు కావలసింది ఒకటి.
జ్ఞానాపురం నుంచి పాత హార్బరు లైను మీద
ఆదివారాలు మాత్రం నాలుగు పెట్టెలు లాగాలి.
స్టోర్సు గుమాస్తాని, నేను కాగితాలు పట్టుకెళ్లాను.

కమిటీ కళ్లన్నీ మొదటిదాని మీదే.
పొగగొట్టానికి ఇత్తడి పట్టీ,
నా తలని దాటిన చక్రాలు,
ఒకప్పుడు మెయిలు లాగినదట.
"ఫొటోలో బాగుంటుంది" అన్నాడు అధ్యక్షుడు
టోపీ సర్దుకుంటూ.

యల్లాజీ ఏమీ అనలేదు.
డెబ్బై నాలుగేళ్లు. రివెట్లు కొట్టీ కొట్టీ
చెవులు బాయిలర్లకి ఇచ్చేసినవాడు.
అరకేజీ సుత్తి, జేబులో సుద్దముక్క.
నిప్పుతలుపు తీసి లోపలికి
గాదెలోకి పిల్లిలా దూరాడు.

టంగ్. టంగ్. టంగ్.
టప్.

ఆ టప్ మాకు వినబడింది, అతనికి కాదు.
ఎడం అరచెయ్యి ప్లేటుకి ఆనించి ఉంచుతాడు,
విరిగిన స్టేబోల్టు అక్కడ చెబుతుందట.
ఒక్కో టప్‌కీ ఒక సుద్ద గీత.
బయటికొచ్చేసరికి చేతిలో సుద్ద లేదు.
"కుండ బాగానే ఉన్నాది.
అడుగే నేదు."

రెండోదాని రాగి ఎవరు పీక్కుపోయారో.
పొగపెట్టెలో కుక్క ఈనింది,
ఐదు పిల్లలు, కళ్లింకా తెరవలేదు.
రద్దు అని రాసుకున్నాను, అడుగు చప్పుడు కాకుండా.

మూడోది మాంగనీసు బండీలు తోసిన పొట్టిది.
వీపు మీద నీళ్ల తొట్టి, చిన్న చక్రాలు,
చాకిరేవు దగ్గర గాడిద నిలబడ్డట్టు నిలబడింది.
ముప్పయ్యేళ్లు సముద్రం నాకిన ఒళ్లు.
వేలు పెడితే పై రేకు అప్పడంలా విరిగింది,
అధ్యక్షుడి తెల్ల చొక్కా మీద ఎర్రగా రాలింది.

లోపల్నుంచి టంగ్, టంగ్, టంగ్,
టీ చల్లారింది, టంగ్,
ఎండ మాధవధార కొండ దిగింది, టంగ్.
యల్లాజీ తల బయటపెట్టాడు.
సుద్ద కొత్తది, ఇంకా చివర అరగలేదు.
"తోలే పోనాది బాబూ. ఇదే తీసుకోండి."

"ఇది కూస్తుందా?" అన్నాడు అధ్యక్షుడు.
ఆయన పెదాలు చూసి
యల్లాజీ మొదటిసారి నవ్వాడు.

తరవాత పద్నాలుగు నెలల్లో నేను రాసిన ఇండెంట్లు:
ట్యూబులు నూట పన్నెండు.
ఆస్బెస్టాస్ వద్దు, వేరేదేదైనా.
నీటిమట్టం గాజులు ఆరు, దారిలో రెండు పగిలాయి.
సీసం ప్లగ్గు. పాత బట్టలు, మణుగు.
కిరోసిన్ ఎందుకింత అని ఆడిట్టు అడిగితే
ఉప్పుగాలికి సెలవుల్లేవు సార్ అని రాశాను,
ఆయన కొట్టేశాడు.

కంచరపాలెం పాలిటెక్నిక్ నుంచి హైమావతి వచ్చింది.
బోరు నీళ్లు పొయ్యబోతే యల్లాజీ తొట్టికి అడ్డం నిలబడ్డాడు.
ఇంట్లో చెంబు తెచ్చి అడుగు చూపించాడు,
వేలెడు మందాన తెల్లటి పక్కు.
అప్పట్నుంచి మేహాద్రిగెడ్డ నీళ్లే, ట్యాంకరుతో.
మొదటి నిప్పుకి రెండు రోజులు పట్టించాడు,
జ్వరం దిగినవాడికి గంజి పట్టినట్టు
పుల్లా పుల్లా, మధ్యలో కునుకు.

ప్రారంభం రోజు బ్యాండు, బంతిపూలు, రిబ్బను.
కూసింది కూడా. యల్లాజీ రాలేదు.
ముంచింగిపుట్టులో మనవరాలి పెళ్లి అన్నారు,
మోకాళ్ల నొప్పి అన్నారు.

సోమవారం పొద్దున్న షెడ్డులో ఉన్నాడు.
ఇంజను ఇంకా గోరువెచ్చగా ఉంది.
పొగపెట్టెలోంచి బూడిద గంపలతో ఎత్తి
హైమావతి ఈసారి తనే లోపలికి దూరింది.
అతను బయట నుంచుని
బాయిలరు మీద అరచెయ్యి పెట్టాడు.

టంగ్. టంగ్. టంగ్.
నేను ట్యాంకరు బిల్లు కూడుతున్నాను.
ఆరో వరసలో సుత్తి ఆగింది.
మళ్లీ కొట్టింది, అక్కడే.
అరచెయ్యి తియ్యకుండానే
అతను రెండో చెయ్యి జేబులో పెట్టి వెతికాడు.
లోపల్నుంచి హైమావతి కేక,
"సుద్ద!"