గజవిజేత, పన్నెండు బై ఎనిమిది

పలమనేరు బస్టాండు వెనక సందులో
నా ఫ్లెక్సీల కొట్టు.
పుట్టినరోజులు, పెద్దకర్మలు, జాతర స్వాగతాలు,
అందరి ముఖాలూ తెల్లబరిచేది నేనే.

రాత్రి పదకొండుకి చెంగల్రాయన్న వచ్చినాడు,
వెనక పదిమంది, ముందర సెంటు వాసన.
"రేయ్ తమ్ముడా, నిన్న రేయి ఏనుగును తరిమినా.
తెల్లారేసరికి ఊరూరా తెలియల్ల."

నాకు తెలిసింది వేరే.
కౌండిన్య అడివి దాటి మూడు ఏనుగులు దిగింది నిజం.
సుగుణమ్మ టమేటా తోట, కాయ కోతకొచ్చిన తోట,
తెల్లారేసరికి ఎర్రటి బురదయింది నిజం.
తరిమినోడు మాత్రం ట్రాకరు మునెప్ప,
మెడలో పలక, చేతిలో కాగడా.
కాలవలో పడి మోకాలు చిట్లి
చిత్తూరు ఆస్పత్రి వరండాలో చాప మీద ఉండాడిప్పుడు.
అన్న అప్పుడు కారు అద్దాలెక్కించుకోని
లోపల్నించి హారను కొడతా ఉన్నాడంట.
పెద్ద ఏనుగు ఒక్కసారి తిరిగి చూసిందంట.
ఆపైన ఏమైందో డ్రైవరు చెప్పలేదు,
పొద్దున్నే సీటు కవర్లు మార్పించినామన్నాడు, అంతే.

"ఫోటో ఏమన్నా తీసినారా అన్నా?"
"నువ్వే పెట్టురా. దానికే కదా దుడ్లిచ్చేది."

నెట్లో వెతికి ఒక దంతాలదాన్ని తెచ్చినా.
"ఇంకొంచెం పెద్దది చెయ్." చేసినా.
"నాకంటే పెద్దగా కనబడతా ఉందే!" తగ్గించినా.
"ఇప్పుడు ఎనుము మాదిరుంది." మళ్ళా పెంచినా.
ఒంటిగంట దాటింది. టీ రెండుసార్లొచ్చింది.
ఆఖరికి ఏనుగును అట్లే ఉంచి
అన్నను పెంచినాము,
మీసం కొసలు కరెంటు తీగలకు తగిలేంతగా.
చేతిలో కాగడా వద్దన్నాడు,
మునెప్ప గుర్తొస్తాడేమో.
కత్తి పెట్టమన్నాడు.

ఇంకొకటి కూడా తెలుసు నాకు, మాదీ ఆ పల్లే కాబట్టి.
ఊరికి మంజూరైన సోలారు కంచె
అన్న మామిడి తోట చుట్టూ మెరస్తా ఉంది.
ఏనుగులు దానికి తొండం ఆనించి, ఉలిక్కిపడి,
పక్కకు తిరిగి నడిచినాయి.
ఆ లెక్కన అన్న తరిమింది అబద్ధం కాదు.
తరిమినాడు, మా మీదికి.

పొద్దున సర్కిల్లో కట్టినారు, పాలు పోసినారు,
టపాకాయలకు రెండు కుక్కలు పార్వేటకు పోయినట్టు పరిగెత్తినాయి.
మునెప్ప పెండ్లాం కుప్పమ్మ
రాగిముద్ద క్యారియరుతో చిత్తూరు బస్సు కోసం
ఆ ఫ్లెక్సీ నీడలో నిలబడింది.
పన్నెండు బై ఎనిమిది నీడ.
దానికి మాత్రం పనికొచ్చింది.

పక్కన మనవడు, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి,
మెడ ఎత్తి అడిగినాడు:
"అవ్వా, అడివి ఏనుక్కి కాలికి గొలుసెందుకుండాది?"
బస్సొచ్చింది. ఆమె ఎక్కించుకోని పోయింది.

పాలు పోసినోళ్ళెవరూ చూడలేదు.
అన్న చూడలేదు, ఆయన కండ్లు ఆయన మీదే.
బిల్లింకా రాలేదు.

"గొలుసు చెరపడం మరిచిపోయినావాన్నా?"
కొట్లో పిల్లోడు మెల్లిగా అడిగినాడు.
అరవైసార్లు దగ్గరికి లాగి చూసి
ఆయన చెంప మీది పులిపిరి తుడిచినోణ్ణి.
గొలుసు కనబడదా నాకు?