కోట్ల గది

జెనీవాలో, సరస్సు ఒడ్డున,
హోటలుగా కట్టిన ఇంట్లో
శాంతి అద్దెకు దిగింది.
నాకు కోట్ల గదిలో పని దొరికింది.
పేరు జెలీ బోషతే, వాలే కొండల దాన్ని.
నా చదువల్లా ఇత్తడి బిళ్లల మీది అంకెలు.

ఉన్నికోటు, తోలుకోటు, నక్కబొచ్చు కాలరు.
దేశానికో కొక్కెం.
మొదటి కొక్కెం మాత్రం ఎప్పుడూ ఖాళీ.
ఈ ఇంటికి ప్లాను గీసినవాళ్లదట అది.
సముద్రానికి అవతలే ఆగిపోయారు,
ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదని.
అయినా దాని దుమ్ము రోజూ తుడిచేదాన్ని.

కోటు విప్పేటప్పుడు మనిషి దొరికిపోతాడు.
లోపల గంటసేపు మానవాళి గురించి మాట్లాడినాయన
నా దగ్గర చిల్లర
రెండుసార్లు లెక్కపెట్టుకునేవాడు.

తలుపు సందులోంచి వినేదాన్ని.
అందరూ సరేనంటేనే సరే.
నలభైమంది ఔనన్నాక
మూలనుంచి ఒకరు గొంతు సవరించుకుంటే చాలు,
ఆ పూటకి న్యాయం భోజనానికి లేచిపోయేది.
ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి, నిజమే;
ఇక్కడ ఉలిపికట్టె మొలలోనే ఊరి తాళాలు.

మంచూరియాలో రైలుపట్టా పేలింది.
సంఘం వేశారు.
సంఘం ఓడెక్కింది, తీరిగ్గా.
చూసి, రాసి, అచ్చువేసి తెచ్చేసరికి
అక్కడ కొత్త జెండా, కొత్త పేరు, కొత్త తపాలాబిళ్లలు.
నివేదిక చాలా బాగుందన్నారు అందరూ.
ఫిబ్రవరిలో ఒకరోజు ఒక బృందం సభ మధ్యలోనే బయటికొచ్చింది.
టోపీలు అందించాను. వంగి నమస్కరించారు.
యుద్ధం ఇంత మర్యాదగా
టోపీ సర్దుకుని మెట్లు దిగుతుందని నాకేం తెలుసు?

తరువాత అబిసీనియా.
దండెత్తినవాడికి ఏవేవి అమ్మకూడదో పట్టీ రాశారు.
గుమాస్తా పెరుసే నాకు చదివి వినిపించాడు:
గుర్రాలు, కంచరగాడిదలు, ఒంటెలు...
"మరి పెట్రోలు?"
"అది ఇంకో సమావేశంలో."
లారీలు గడ్డి తినవని
బడి మొహం చూడని మా నాన్నకి కూడా తెలుసు.
కాలువ గేట్లు తెరిచే ఉన్నాయి.
సుంకం కట్టి, రసీదు తీసుకుని
సైనికులు దాటిపోయారు.

ఆ ఎండాకాలం బెజాబెహ్ అనే కుర్ర కార్యదర్శి వచ్చాడు,
దేశం పోయిన నెల తర్వాత, ఆ దేశం తరఫున.
జూన్ ఎండలోనూ కోటు విప్పలేదు.
"చలా?" అన్నాను.
"కాదు మదామ్. దాచిపెట్టమని మీ ఇంట్లో ఒకటి ఇచ్చాం ఇదివరకే."
చేతిలో బిళ్ల పట్టుకుని
ఎంతసేపు నిలబడ్డానో.

ఇంత ఇంటికీ కాపలా ఒక్కడే, మా ముసలి ద్వారపాలకుడు.
వాడి మెడలో ఈల ఉంది, తుపాకీ లేదు.
సైన్యం కావాలన్నప్పుడల్లా
ఒకరు ఇంకొకరి వైపు చూసేవారు.
పల్లకీ నిండా పెద్దమనుషులే,
బోయీలకోసం కిటికీలోంచి కేకలు.

పాలరాతి భవనంలోకి మారాం.
కొక్కేలు రెట్టింపు, కోట్లు సగం.
పెరుసేని సరిహద్దు కాపలాకి పిలిచారు.
సభ పెట్టని ఏళ్లలోనూ
గది తాళం తీసి, వేసి, జీతం తీసుకున్నాను.
అప్పటిదాకా కోట్లంటే నాకు ఉన్నివే.
పేపర్లో ఇంకోరకం కోట్లు లెక్కపెట్టడం మొదలైంది.
వాటికి బిళ్లలు లేవు, తిరిగొచ్చి అడిగేవాళ్లూ లేరు.

నలభైయారు ఏప్రిల్‌లో ఇల్లు మూసేస్తున్నామని
చివరిసారి చేతులెత్తారు.
ఆ తీర్మానం మాత్రం చిటికెలో అయింది.
అట్లాంటిక్ అవతల కొత్తది కడుతున్నారట.
మొదటి కొక్కెం వాళ్లే ఈసారి ఇంటివాళ్లట.
కాదు అనే హక్కు అందరికీ లేదట, అయిదుగురికేనట.
తగ్గిందన్నమాట.
ఏమో, నేను అంకెల మనిషిని,
అయిదు చిన్నదో పెద్దదో
ఎవరి వంతు వచ్చిందో చూస్తేగాని చెప్పలేను.

అడిగేవాళ్లు లేక పదకొండు గొడుగులు మిగిలాయి.
ఒకటి నేనే వాడుకుంటున్నాను.
అసలైన పట్టుగుడ్డ, దంతపు పిడి, మీద బంగారు అక్షరాలు.
కాస్త గాలి వీస్తే మాత్రం
వెనక్కి తిరగబడుతుంది.