వెనకవైపు

ముందువైపు చదివే అర్హత నాకు లేదు.
అందుకే నాకు వెనకవైపు అప్పగించారు.

కిటికీ లేని గది. చేతులకు నూలు తొడుగులు.
వెర్మాంట్‌లో సరస్సు పక్కన ఆ మాజీ ఇంటినుంచి
ఏజెంట్లు మోసుకొచ్చిన ముప్పైయొక్క పెట్టెలు.
కొన్ని ఆపిల్ పెట్టెలు, పళ్ల వాసన ఇంకా వదల్లేదు.
ఒక్కో కాగితాన్నీ బోర్లా పడుకోబెట్టి
నావైపు జరుపుతాడు కెర్మిట్,
ముందువైపు చూడనిచ్చిన మనిషి.
ఈమధ్య నిద్ర పట్టడంలేదట అతనికి.

నా పని, వెనక ఏముందో రాయడం.
కాఫీ కప్పు అడుగు, గుండ్రంగా, రెండుసార్లు.
బీపీ మాత్ర పొద్దున ఒకటి, మర్చిపోకు.
పడవ బాగుచేసేవాడి ఫోన్ నంబరు.
మనవరాలు గీసిన గుర్రం. ఐదు కాళ్లు.
ఆ గుర్రానికి అవతల ఏ రేవుందో,
ఆ రేవులో ఎవడు
కట్టుకున్నదానికి కూడా చెప్పకుండా
మన కోసం ఓడలు లెక్కపెడుతున్నాడో
నాకు తెలీదు.
గుర్రం మాత్రం నవ్వుతోంది.

కోర్టులో ఆయన లాయరు అన్నాడు:
"జ్ఞాపకాలండీ! కుర్చీ దిగేవాడు
ఏదో ఒకటి పట్టుకునే దిగుతాడు కదా."
నిజమే. పాత ఆఫీసు వదిలేటప్పుడు
నేనూ ఒక స్టేప్లర్ తెచ్చుకున్నాను.
ఎవరూ అడగలేదు.
దానివల్ల ఎవరూ చావరు కూడా.

ఆయన్ని ఒక్కసారే చూశాను, వాయిదా రోజున.
టీవీలో ఉన్నంత పొడుగు లేడు.
మెట్లెక్కుతూ కోటు జేబు తడుముకున్నాడు,
ఉందో లేదో చూసుకునేవాడిలా.

ఇరవైరెండో పెట్టెలో ఒక ఉత్తరం మొదలు.
"థియో, ఆ రోజు నువ్వడిగిన దానికి"
అంతే. మీద రెండు అడ్డగీతలు.
దీన్ని ఏ గడిలో రాయను?
అటు రాజ్యం గుట్టు, ఇటు ఇంటి గుట్టు,
నడుమ ఉల్లిపొరంత కాగితం.
దీపానికెదురుగా పట్టుకుంటే
రెండూ ఒకదానిలోంచి ఒకటి కనబడతాయి.
పట్టుకోలేదు. ప్రమాణం చేసి ఉన్నాను.

సాయంత్రం చివరి పెట్టె. ఎర్ర అంచు ఫైలు.
కెర్మిట్ అలవాటుగా బోర్లించాడు.
ఏమీ పడలేదు.
దులిపాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు.
ఆ చెయ్యి కాసేపు బయటికి రాలేదు.

'ఖాళీ' అని రాశాను.
ముందూ లేదు, వెనకా లేదు.
కింద సంతకం, ఒడెస్సా ట్వైమన్. తేదీ వేశాను.
టైము వెయ్యబోయి గోడ గడియారం చూస్తే
ఆరూ పది, ఇక్కడ.

ఆ రేవులో ఎంతయిందో.