రెండో వడపోత

ఫిబ్రవరి. మైనస్ ముప్పై రెండు.
చినూక్ ఊరు దాటాక పదకొండో మైలు దగ్గర,
వెనక ట్రెయిలర్ మీద పద్నాలుగు గడ్డి చుట్టలతో
నా బండి ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది,
ఆ తర్వాత మొండి గుర్రంలా నిలబడిపోయింది.

"డీజిల్‌లో నీళ్ళు" అన్నాడు మెకానిక్ ఓర్విన్
బిల్లు నాలుగు మడతలు పెట్టి చేతిలో పెడుతూ.
చావు కబురు చల్లగా చెప్పే మనిషి.
ఆరు ఇంజెక్టర్లు.
ఒక ఏడాది గడ్డి డబ్బు.

అందుకే ఏప్రిల్‌లో
షెడ్డు నేల మీద అట్టముక్క పరుచుకుని
వెల్లకిలా పడుకున్నాను,
ఛాతీ మీద కంపెనీది కాని ఫిల్టరు.
కంపెనీవాడిది పది మైక్రాన్ల నలుసును ఆపుతుంది,
ఇది రెండు.
తలవెంట్రుక డెబ్భై అట.
అరవై దాటిన కళ్ళకి పదీ రెండూ ఒకటే,
నమ్మి బిగించడమే.

కాగితంలో బండి ఒకలా ఉంది, నా బండి ఒకలా ఉంది.
బ్రాకెట్ బెజ్జాలూ ఛాసిస్ బెజ్జాలూ
అరంగుళం దూరంలో
ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.
డ్రిల్లు పెట్టాను. ఇనుప రజను కనుబొమల్లోకి రాలింది.
గొట్టం కోశాను, క్లాంపు బిగించాను,
మోచేతి మీదుగా కారిన డీజిల్
చంకలో చల్లగా ఇల్లు కట్టుకుంది.

అంతా అయిందనుకున్నాక
గాలి మిగిలింది.
గొట్టాల్లో దూరిన గాలిని తియ్యడం ఒక్కడి పని కాదు:
పైన ఒకరు తాళం తిప్పాలి,
కింద ఒకరు స్క్రూ వదులు చెయ్యాలి.
కాగితం ఈ మాట చెప్పలేదు.
చెప్పే ఉంటుంది, నాలుగో పేజీలో.
నా పెట్టెలో నాలుగో పేజీ రాలేదు.

అప్పుడొచ్చింది టాలీ, హోస్టెట్లర్ వాళ్ళ పిల్ల,
పన్నెండేళ్ళది, తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ.
కాలవ తూము గొడవలో
వాళ్ళ నాన్నకీ నాకూ మూడేళ్ళుగా మాటల్లేవు.
గుమ్మం దాటకుండానే అడిగింది,
"మా దూడ ఇటొచ్చిందా?"
"రాలేదు. తాళం తిప్పడం వచ్చా నీకు?"
ట్రాక్టరు నడిపే పిల్ల
నన్ను చూసి జాలిపడింది.

"తిప్పు" అన్నాను కింద నుంచి.
పంపు తుమ్మెదలా ఇరవై సెకన్లు రొద పెట్టి ఊరుకుంది.
"ఆపు. మళ్ళీ."
స్క్రూ పక్క నుంచి ముందు ఉత్త బుస,
తర్వాత నురగ,
నురగలోంచి నూలుపోగంత ధార,
మళ్ళీ బుస.
"ఇంకా ఎన్నిసార్లు?"
"అది ఊరుకునేదాకా."
ఏడోసారికి
చుక్క నురగ లేకుండా తేటగా దిగింది.
ఇంజన్ దగ్గకుండా అందుకుంది.

పాత ఫిల్టరు కోసి చూపించమంది.
రంపంతో కోశాను.
లోపల కుచ్చిళ్ళు పోసిన కాగితం,
మడతమడతకీ తుప్పు, మసి, పేరు తెలియని జిగురు.
"ఇదంతా నువ్వే తాగించావా దీనికి?"
"నాకు తెలీకుండా."
"మా నాన్నా అదే అంటాడు,
తూము దానంతటదే పూడిపోయిందని, తనకి తెలీకుండా."

నేను రెంచి తుడుచుకున్నాను.
తుడిచిందే తుడిచాను.
సగం కోసిన ఫిల్టరుని పాత గుడ్డలో చుట్టుకుని
ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఎందుకో చెప్పలేదు.

దూడ సాయంత్రానికి దొరికిందట, మిల్క్ రివర్ ఒడ్డున.
పాల ఏరని పేరు,
పారేది బురద.

కొత్తదానికి అడుగున గాజు గిన్నె ఉంది,
వారానికోసారి వంగి చూసుకోవాలి.
మొన్న చూశాను:
డీజిల్ కింద చెంచాడు నీళ్ళు,
ఒకే గిన్నెలో వేరు కాపురం.
మూత తిప్పి వదిలేశాను.
నేల వాటిని వెంటనే తీసుకోలేదు,
కాస్త ఆలోచించింది.

పార గోడకి ఆనించే ఉంది.
తూములో పూడిక తియ్యడం ఒక్కడి పనే,
ఎప్పుడైనా వెళ్ళొచ్చు.
తీసింది చాలా లేదా తెలియాలంటే మాత్రం
అవతలి గట్టు మీద ఒకరుండాలి,
నేను "తిప్పు" అంటే
గేటు తిప్పడానికి.