రేకు వెనక

స్వాఫమ్ దాటి నాలుగు మైళ్ళు పోతే
వికెన్‌తోర్ప్ ఊరి చర్చిలో
నేలకు తాపిన ఇత్తడి రేకు ఒకటి వదులైంది.
ఎవరి బూటు తగిలినా, ప్రార్థన మధ్యలో టక్కుమంటోందట.

బాగుచెయ్యడానికి రోవెనా వచ్చింది. సాయానికి నేను.
నా పని దీపం పట్టుకోవడం, స్క్రూలు లెక్కపెట్టడం.

రేకు మీద సర్ ఆంబ్రోస్ థర్ల్‌బీ,
పదిహేనువందల నలభై తొమ్మిది.
కవచం, కత్తి, కాళ్ళ దగ్గర సింహం.
సింహం మాత్రం అలిగిన పిల్లిలా ఉంది.

రోవెనా బద్ద దూర్చి మెల్లగా ఎత్తింది,
తిరగేసింది,
ఊపిరి బిగబట్టింది.

వెనకవైపు ఒక స్త్రీ.

జోడించిన అరచేతులు, నడుముకి తాళాలగుత్తి,
గౌను అంచు పళ్ళతో పట్టుకున్న కుక్కపిల్ల,
దాని మెడలో మువ్వలు.
కింద వరసగా కూతుళ్ళు
నలుగురున్నర.
సగం కూతురి దగ్గర రేకు తెగిపోయింది,
ఆయనగారి మోకాలి వంపు అక్కడికొచ్చింది మరి.
ఆయన భుజం గీతకి ఆమె ఎడమ కన్ను పోయింది.
పేరు మొదలు పోయింది.
మిగిలింది "…స్వైడ్", ఆ పక్కన లాటిన్‌లో "భార్య".
ఎవరి భార్యో చెప్పే ముక్క ఏ కొలిమిలో కరిగిందో.

ఫ్రైడ్స్‌వైడ్ అయ్యుంటుంది, అంది రోవెనా.

బతికుండగానే తన బొమ్మ తనే చేయించుకుని ఉంటుంది.
నారిచ్‌లో చెక్కేవాడి కొట్టు ముందు నిలబడి
"ముక్కు అంత సూదిగా వద్దయ్యా.
పిల్లలందరినీ ఒకే అచ్చున దింపకు.
మూడోది నవ్వుతుంది, అది వేరే"
అని ఉంటుంది.
వాడు సరేనని తలూపి
అందరినీ ఒకేలా గీసుంటాడు.

మొగుడు ఫ్రాన్సు యుద్ధానికి పోయిన మూడేళ్ళూ
కౌలు డబ్బు, ఉన్ని మూటలు, ఉప్పుచేపల పీపాలు
అన్నిటికీ ఆమె వేలిముద్దరలే, ఆమె తాళాలే.
పక్క దొర హద్దురాళ్ళు జరిపిస్తే
తెల్లారేలోగా వెనక్కి జరిపించిన మనిషి.

ఆ కాలపు రాణుల తలలు ఎన్ని తెగాయో
బడిపిల్లలు కూడా వేళ్ళు మడిచి చెబుతారు.
ఈమె తల ఎవరూ నరకలేదు.
తిరగేశారు, అంతే.

ఆమెని పాతిన మఠాన్ని రాజుగారు మూయించాక
కప్పుల సీసం, గంటల కంచు, సమాధుల ఇత్తడి
తూకానికి వేశారు.
బండిలో ఆమె,
ఆమె మొహం మీద ఎవరో మఠాధిపతి పాదాలు.
పాత ఇత్తడి సగం ధర.
థర్ల్‌బీ వారసులు పొదుపరులు.

మాసిన అంచు చూస్తుంటే
చింతపండు పెట్టి తోమాలని చేతులు లాగాయి.
రోవెనాతో అనలేదు, గుండె ఆగి చస్తుంది.

మా ఇంట్లో ఒక గంగాళం ఉండేది.
అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు:
కొండూరి మాణిక్యాంబ.
ఎవరీవిడ అని అడిగితే ఎవరికీ తెలీదు.
ఏదో పెళ్ళిలో చదివించి ఉంటుందిలే, అన్నారు,
నీళ్ళు కాచుకున్నారు.
ఆవిడకి పేరుంది, మొహం లేదు.
ఈవిడకి సగం మొహం, సగం పేరు.
ఇద్దరినీ కలిపితే ఒక మనిషి అవుతుందేమో అనుకున్నాను.
కాదు. అలా కుదరదు.

రేకు మీద కాగితం పరిచి నల్లమైనం రుద్దాం.
ముందు కుక్కపిల్ల వచ్చింది,
తర్వాత తాళాలు,
ఆఖర్న, తొందరేమీ లేనట్టు, ఆ ఒక్క కన్ను.
మూడో పిల్లని భూతద్దం పెట్టి చూశాను.
పెదవి కొసన చిన్న వంపు ఉంది.
ఉలి జారిందో, వాడు మాట నిలబెట్టుకున్నాడో.

గురువారం మళ్ళీ బిగించేశాం.
ఆయన మొహం పైకి, ఆమెది నేలకి.
కమిటీ తీర్మానం అదే.
"ఇక చప్పుడు రాదు కదా" అన్నాడు
చర్చి తాళాలు చూసే పెద్దాయన.
రాదండీ, అన్నాను.

మొత్తం ఏడు స్క్రూలు.
ఆరింటిని గట్టిగా బిగించాను.